పొయ్యి ఎక్కని తీపికి శుభ్రతే నిప్పు

పాలకుర్తి: శివరాత్రి జాగారం ముగిసి తెల్లవారిందంటే పాలకుర్తి చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట చూసినా అరటిపండ్లే. దేవుడి గూట్లో అరటిపండ్లు, దండెం మీది సంచిలో అరటిపండ్లు, చుట్టాలు తెచ్చిన బుట్టలో అరటిపండ్లు. ఒక్కపొద్దు విడిచిన వారు తిన్నన్ని తినగా మిగిలినవి రెండో రోజుకు మచ్చలు తేలి, మూడో రోజుకు నల్లబడతాయి. నాలుగో రోజున అవి బర్రె తొట్టిలో పడతాయి.

"నాయినమ్మా, పండ్లన్ని నల్లగైనయి, బర్రెకు ఏద్దునా?" అని మనుమరాలు అడుగుతుంది. "ఏయకు బిడ్డా, పొట్టు నల్లగైతేనే లోపల తియ్యగుంటది" అని ముసలమ్మ అంటుంది. ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. పండుగ పోయిన మర్నాడు ప్రతి వాడలో వినిపించేదే. ముసలమ్మ మాటలో నిజం ఉంది. ఆ నిజాన్ని వాడుకుంటే పొయ్యి వెలిగించకుండానే ఇంటిల్లిపాదికీ కమ్మని తీపి సిద్ధమవుతుంది. చేయడం చాలా సులువు. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. నిప్పు తగలని వంటకు నిప్పు చేసే మేలు కూడా దక్కదు. ఆ లోటును వండేవారి చేయి పూడ్చుకోవాలి.

పాలకొండ నీడలో

2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆనాటి పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరిన పాలకుర్తికి పాలతో ఉన్న బంధం పేరులోనే తెలుస్తుంది. సోమేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి కొలువైన గుట్టను భక్తులు క్షీరగిరి అంటారు. క్షీరమంటే పాలు. శివకేశవులు ఒకే గుట్ట మీద వెలసిన ఈ క్షేత్రానికి శివరాత్రి జాతరలో నాలుగు దిక్కుల నుంచి జనం తరలి వస్తారు.

బసవపురాణం రచించిన పాల్కురికి సోమనాథుని పేరు ఈ ఊరితో ముడిపడి ఉంది. ఆ గ్రంథంలోని గొడగూచి కథ పాలకు సంబంధించినదే. తండ్రి ఊరికి పోతూ శివునికి పాలు నివేదించే పనిని చిన్నారి కూతురికి అప్పగిస్తాడు. ముందు పెట్టిన పాలను శివుడు తాగకపోయేసరికి ఆ పసిపిల్ల తన వల్లనే ఏదో తప్పు జరిగిందని బావురుమంటుంది. చివరకు శివుడే ప్రత్యక్షమై పాలు తాగుతాడు. ఇదే మండలంలోని బమ్మెర భాగవత కవి పోతన ఊరు. ఆయన చెప్పిన కృష్ణుని కథలో పాలు, పెరుగు, వెన్న లేని ఇల్లే లేదు. ఒక కవి ఊరు పాలకు, ఇంకో కవి ఊరు వెన్నకు అన్నట్టు ఈ ప్రాంతానికి పాడి వాసన పుస్తకాల్లోనూ అంటుకుంది.

పొయ్యి ఎక్కని తీపి ఈ ప్రాంతానికి కొత్త కాదు. అభిషేకానికి కలిపే పంచామృతం అలాంటిదే కదా! పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర - ఈ అయిదూ కలిస్తే పంచామృతం. పలువురు ఇళ్లలో అందులో అరటిపండు ముక్కలు కూడా వేస్తారు. తీర్థం పట్టే చోట పిల్లలు చేయి మళ్లీ మళ్లీ చాపేది ఆ అరటి ముక్క కోసమేనని వేరే చెప్పనక్కరలేదు.

దూరదేశపు చుట్టం

పంచామృతానికి దూరపు చుట్టం లాంటి తీపి ఒకటి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇంటింటా ఉంది. దాన్ని అక్కడ బనానా పుడ్డింగ్ అంటారు. లోతు గిన్నెలో ఒక వరుస బిస్కెట్లు, ఒక వరుస అరటిపండు చక్రాలు, ఆ పైన చిక్కని మీగడ వంటి పాల గుజ్జు పోస్తారు. ఇలా రెండు మూడు వరుసలు పేర్చి చల్లబెడతారు. కొన్ని గంటలకు బిస్కెట్లు తడి పీల్చుకొని మెత్తబడి కేకు మాదిరి అవుతాయి. చెంచాతో తీస్తే అన్ని వరుసలూ కలిసి వస్తాయి. బట్టీలో కాల్చే పని లేకుండా చేసే పద్ధతి అక్కడి గృహిణులకు ఎంతో ఇష్టం.

బట్టీ లేని వంట అంటే వారికి విశేషం కావచ్చు గాని మనకు కాదు. అరిసె నూనెలో వేగుతుంది, పాయసం పొయ్యి మీద ఉడుకుతుంది, సకినం కడాయిలో కాలుతుంది. మన పల్లెటూరి తీపి ఏదీ బట్టీ ముఖం చూసి ఎరగదు. కనుక మన ఇళ్లలో అడగవలసిన ప్రశ్న బట్టీ గురించి కాదు, పొయ్యి గురించి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడకుండా తీపి చేయగలమా? చేయగలం.

ఆ పాల గుజ్జు కోసం కస్టర్డ్ పొడి వాడేవారు ఉన్నారు. ఆ పొడికి ఒక కథ ఉంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్లు పడేవి కావు. కస్టర్డ్‌ను చిక్కబరిచేది గుడ్డే. అందుకని ఆయన 1837లో మొక్కజొన్న పిండితో, గుడ్డు లేకుండా కస్టర్డ్ తయారు చేశాడు. అదే తరువాత పొడి రూపంలో ప్రపంచమంతా పాకింది. గుడ్డు ముట్టని మన ఇళ్లకు కూడా ఆ విధంగానే చేరింది. అయితే ఆ పొడిని పాలలో కలిపి మరిగించక తప్పదు. పొయ్యి వద్దనుకున్నప్పుడు దానికంటే మంచి దారి మన ఇంటి ఉట్టి మీదనే ఉంది. అదే పెరుగు.

మీగడ రహస్యం పెరుగు మూటలో

గట్టి పెరుగును పలచని గుడ్డలో మూట కట్టి వేలాడదీస్తే అందులోని తేట నీరు కారిపోతుంది. మిగిలేది వెన్న వంటి ముద్ద. మహారాష్ట్ర వాళ్లు శ్రీఖండం చేసుకునేది దీనితోనే. బర్రె పాలలో వెన్న శాతం ఆవు పాలకంటే ఎక్కువ. కనుక బర్రె పెరుగు మూట మరింత నున్నగా, చిక్కగా వస్తుంది. ఈ మీగడ కోసం బజారుకు పోయి డబ్బా కొననక్కరలేదు.

ఇక అడుగున పరిచే బిస్కెట్ల సంగతి. మారీ బిస్కెట్లు గాని గ్లూకోజ్ బిస్కెట్లు గాని సరిపోతాయి. కాని వాటికంటే రుచికరమైనది తెలంగాణ ఇల్లాలి చేతిలోనే ఉంది. బతుకమ్మ పండుగకు చేసే మలీద ఎవరికి తెలియదు? రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపే ఆ మలీదనే అడుగున పరిస్తే బిస్కెట్ చేసే పని అదీ చేస్తుంది. పైనున్న పెరుగు తడిని పీల్చుకొని మెత్తబడుతుంది. పొద్దున మిగిలిన రొట్టె కూడా దీనికి పనికివస్తుంది.

కావలసినవి

ఆరుగురికి సరిపడా చేసుకోవడానికి కొలతలు ఇవి. బాగా తోడుకున్న బర్రె పెరుగు ఒక లీటరు. మచ్చలు తేలిన అరటిపండ్లు అయిదారు. మెత్తగా దంచిన చక్కెర నూరు గ్రాములు. ఏలకులు నాలుగు. నిమ్మరసం రెండు చెంచాలు. చిటికెడు ఉప్పు. కాచి చల్లార్చిన పాలు అయిదారు చెంచాలు. అడుగున పరచడానికి పదిహేను బిస్కెట్లు, లేదా రెండు గోధుమ రొట్టెలు, యాభై గ్రాముల బెల్లం, రెండు చెంచాల నెయ్యితో చేసిన మలీద. పైన చల్లడానికి జీడిపప్పు, కిస్‌మిస్ ఇష్టాన్ని బట్టి.

చేసే విధానం

ముందు రోజు రాత్రి పెరుగును ఉడికించి ఆరబెట్టిన తెల్లని నూలు గుడ్డలో మూట కట్టాలి. గాలి తగిలే చల్లని చోట వేలాడదీసి, కింద గిన్నె పెట్టాలి. ఈగ, బల్లి చేరకుండా పైన మరో గుడ్డ కప్పాలి. అయిదారు గంటల్లో నీరంతా దిగిపోతుంది. ఎండలు ముదిరిన రోజుల్లో పెరుగు త్వరగా పులుస్తుంది. కనుక చల్లబడిన తరువాత రాత్రి కట్టి తెల్లవారగానే దించడం మేలు. ఫ్రిజ్ ఉన్నవారు అందులోనే జల్లెడ మీద పెట్టుకోవచ్చు. కింద గిన్నెలో చేరిన తేటను పారబోయవద్దు. చపాతీ పిండి కలపడానికి, చారులో పోయడానికి అది పనికివస్తుంది.

మూట విప్పి ఆ ముద్దను వెడల్పాటి గిన్నెలోకి తీసుకోవాలి. చక్కెర పొడి, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి చెక్క గరిటెతో ఒకే వైపు తిప్పుతూ పది నిమిషాలు గిలకొట్టాలి. కవ్వం వాడవద్దు. కవ్వంతో చిలికితే వెన్న విడివడి ముద్ద పలుకులు కడుతుంది. రెండు అరటిపండ్లను చేతితో కాకుండా చెంచాతో మెదిపి ఒక చెంచా నిమ్మరసం కలిపి ఇందులో వేయాలి. చెంచా నిలువుగా పెడితే పడిపోకుండా నిలబడేంత చిక్కదనం ఉండాలి. మరీ గట్టిగా ఉంటే కాచి చల్లార్చిన పాలు ఒకటి రెండు చెంచాలు పోసుకోవచ్చు.

మిగిలిన పండ్లను వేలి మందాన చక్రాలుగా కోసి, మిగిలిన నిమ్మరసం చిలకరించాలి. లోతు గిన్నె అడుగున మలీద పరచి చేత్తో ఒత్తకుండా చెంచాతో అదమాలి. బిస్కెట్లయితే ఒక్కొక్కదాన్ని పాలలో ఇలా ముంచి అలా తీసి పేర్చాలి. నానబెడితే గుజ్జవుతుంది. దాని మీద పండు చక్రాలు, దాని మీద పెరుగు మీగడ వేయాలి. మళ్లీ అదే వరుస. అన్నిటికంటే పైన పెరుగు మీగడే ఉండాలి. పండు ముక్కలు గాలికి కనిపించకూడదు. ఎందుకంటే నల్లబడేది గాలికి తగిలిన ముక్కే.

ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచితే వరుసలు కుదురుకుంటాయి. ఫ్రిజ్ లేని ఇంట చల్లని నీరు పోసిన వెడల్పాటి మట్టి కంచంలో గిన్నెను నిలబెట్టి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఎందుకో ఇదీ అందుకే. తడి ఆరుతూ వేడిని తనతో తీసుకుపోతుంది. అరగంట తరువాత అందరూ కూర్చుని తినేయడమే. దాచిపెట్టే మాట లేదు.

పండు ఎందుకు నల్లబడుతుంది?

కాయగా ఉన్నప్పుడు అరటి గుజ్జులో పిండి పదార్థం అయిదో వంతు వరకు ఉంటుంది. పండే కొద్దీ ఆ పిండి చక్కెరగా మారుతుంది. బాగా పండిన పండులో పిండి దాదాపు మిగలదు. పొట్టు మీద మచ్చలు తేలాయంటే ఆ మార్పు పూర్తి కావస్తోందని అర్థం. ముసలమ్మ చెప్పినది ఇదే. అందువల్ల ఈ తీపికి పచ్చి వాసన కొట్టే పండు పనికిరాదు. మచ్చలు తేలిన పండు అయితే చక్కెర కూడా తక్కువ పడుతుంది.

కోసిన ముక్క నల్లబడడం వేరే సంగతి. పండు కణాల్లో ఒక ఎంజైము ఉంటుంది. కత్తి తగిలి కణాలు తెగగానే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి అది గోధుమ రంగు పుట్టిస్తుంది. నిమ్మపులుపు ఆ ఎంజైము జోరు తగ్గిస్తుంది. పెరుగు కప్పితే గాలి అందదు. ఈ రంగు మార్పు విషం కాదు, చూపుకు బాగుండదంతే. కాని పొట్టు పగిలి రసం కారుతున్న పండును, కల్లు వాసన వేస్తున్న పండును, తొడిమ దగ్గర బూజు పట్టిన పండును మాత్రం బర్రెకు కూడా వేయకుండా ఎరువు కుప్పలో వేయాలి.

అరటిపండుకు బదులు పచ్చి అనాసపండు వేద్దామనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అనాసలోని ఎంజైము పాల మాంసకృత్తులను విరగ్గొడుతుంది. గంటలో పెరుగు చేదెక్కి పలచబడుతుంది. ఆ చిక్కు అరటితో రాదు.

నిప్పు లేని చోట

ఇప్పుడు అసలు సంగతి. మరిగే పాయసంలో ఈగ వాలిన గరిటె పెట్టినా, సరిగా కడగని గిన్నె వాడినా ఆ మరుగు చాలా తప్పులను కాపాడుతుంది. చాలా సూక్ష్మజీవులు ఆ వేడికి చచ్చిపోతాయి. పొయ్యి ఎక్కని తీపిలో అలా కాపాడేవారు ఎవరూ లేరు. చేతికి ఉన్న మురికి నేరుగా నోటికి పోతుంది.

ఆ మురికి దూరే దారులు అయిదు. నీరు, చేయి, గుడ్డ, కత్తి, ఈగ. పండ్లను పొట్టు తీయకముందే కడగాలి, ఎందుకంటే కత్తి పొట్టు మీది దుమ్మును గుజ్జులోకి మోస్తుంది. చేతులు సబ్బుతో మోచేతి దాకా కడగాలి. పెరుగు మూట గుడ్డను ప్రతిసారి నీళ్లలో మరిగించి ఎండలో ఆరవేయాలి. కూరగాయల కత్తిని కడగకుండా పండుకు వాడకూడదు. చేసిన గిన్నె మీద మూత లేకుండా ఒక్క క్షణం కూడా ఉంచరాదు.

చేతి మీద చీము పట్టిన పుండు గాని, తెగిన గాయం గాని ఉన్నవారు ఆ రోజు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది. అలాంటి పుండులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పాలు, మీగడ చేరిన తీపిలో పెరిగి విషం విడుస్తుంది. ఆ విషం మొండిది. తరువాత మరిగించినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. పెళ్లిళ్లలో, జాతరల్లో ఒకే గిన్నెలోది తిన్నవారంతా ఒకేసారి పడిపోయారంటే కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు.

పాలు తప్పనిసరిగా కాచినవే కావాలి. పితికిన పాలు పచ్చిగా వాడితే పశువుల నుంచి మనుషులకు క్షయ, బ్రూసెల్లా వంటి రోగాలు రావచ్చు. పెరుగు తోడువేసేటప్పుడు కూడా కాచి గోరువెచ్చన చేసిన పాలకే తోడు వేయాలి. అంటే ఈ తీపికి పొయ్యి అసలే అక్కరలేదనడం పూర్తి నిజం కాదు. పాల విషయంలో పొయ్యి తన పని ముందురోజే చేసి పెట్టింది. పెరుగులోని పులుపు కూడా కొంత కాపలా కాస్తుంది. ఆ పులుపులో చాలా సూక్ష్మజీవులు త్వరగా పెరగలేవు. పచ్చి పాలతో, మీగడతో చేసేదానికంటే పెరుగు మూటతో చేసేది మేలనడానికి ఇదే కారణం.

గడియారం కూడా ఒక పాత్రే

అయిదు దారులూ మూసినా ఆరో శత్రువు ఒకటి ఉంది. అది సమయం. అనువైన వెచ్చదనంలో కొన్ని రకాల సూక్ష్మజీవులు ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. ఆ లెక్కన ఒకటి రెండు గంటల్లో 64 అవుతుంది. నాలుగు గంటల్లో 4096 అవుతుంది. పొద్దున చేసి గూట్లో పెట్టి సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు పెడితే ఏం పెడుతున్నామో ఈ లెక్కే చెబుతుంది.

వండిన ఆహారాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఆ గడువును గంటకు తగ్గించుకోవడమే మంచిది. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి వరకు ఉంటుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఫ్రిజ్‌ను కూడా పూర్తిగా నమ్మరాదు. లోపలి గిన్నె చేతికి చల్లగా తగలకపోతే అందులోది తినకపోవడమే క్షేమం.

ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే ఆలస్యం చేయకుండా ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. పసిపిల్లలైతే వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి.

పళని చెప్పే పాఠం

అయితే తమిళనాడులోని పళని కొండ మీది పంచామృతాన్ని జనం రోజుల తరబడి ప్రయాణం చేసి ఇంటికి తెచ్చుకుంటారు కదా, అది ఎందుకు చెడిపోదు? దానిలోనూ అరటిపండే ప్రధానం. కొండ అరటిపండు, బెల్లం, ఆవునెయ్యి, తేనె, ఏలకులు కలిపి దాన్ని తయారు చేస్తారు. ఖర్జూరం, కలకండ కూడా వేస్తారు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

దాని రహస్యం రెండు మాటల్లో ఉంది. అందులో పాలు, పెరుగు లేవు. నీటి చుక్క కలపరు. బెల్లం, తేనె దండిగా ఉండడంతో పండులోని తడిని కూడా తీపి పట్టి ఉంచుతుంది. నీరు దొరకని చోట సూక్ష్మజీవి పెరగలేదు. మామిడికాయ తొక్కులో ఉప్పు చేసే పనిని అక్కడ బెల్లం చేస్తుంది. మన అరటి మీగడ తీపిలో పెరుగు ఉంది, పాలు ఉన్నాయి, తడి ఉంది. కనుక పళని ప్రసాదాన్ని చూసి దీన్ని దాచుకోబోవడం పొరపాటు. రెండూ అరటి తీపులే అయినా ఒకటి నిలవ సరుకు, ఒకటి అప్పటికప్పుడు తినేది.

పండు ఎంపికలో జాగ్రత్త

అరటి రకాల్లో చక్రకేళి కమ్మగా ఉంటుంది. అమృతపాణి వాసన మంచిది. కర్పూర అరటిలో కొంత పులుపు ఉండడంతో పెరుగుతో బాగా కుదురుతుంది. బజారులో ఎక్కువగా కనిపించే పొడుగాటి గ్రాండ్ నైన్ పండు కూడా మచ్చలు తేలే దాకా ఆగితే సరిపోతుంది.

కార్బైడ్‌తో పండించిన పండ్ల గురించి జనంలో భయం ఉంది. భయం నిజమే. కార్బైడ్ తడి తగిలితే ఎసిటిలిన్ వాయువు విడుస్తుంది. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ వంటి విషపు ఆనవాళ్లు ఉండే అవకాశం ఉంది. దానితో పండ్లు పండించి అమ్మడం చట్టరీత్యా నిషిద్ధం. ఇథిలీన్ వాయువును మాత్రం పది లక్షల వంతుల్లో నూరు వంతులకు మించకుండా వాడడానికి ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది. ఇథిలీన్ పండు తనంతట తాను విడిచే వాయువే.

సందేహం వద్దనుకునేవారు రెండు మూడు రోజుల ముందే ముదిరిన కాయల అత్తం కొని ఇంట్లోనే మాగబెట్టుకోవచ్చు. కాయలతో పాటు ఒక పండిన పండును పెట్టి కాగితంలో చుట్టి బియ్యం గుమ్మిలో ఉంచితే చాలు. ఆ పండు విడిచే వాయువు మిగిలిన వాటిని పండిస్తుంది. ముసలివారు శాస్త్రం చదవకుండానే చేసిన పని ఇది. పచ్చి కాయలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టరాదు. చలికి పొట్టు నల్లబడి కాయ సరిగా మాగదు.

ఎవరు తినాలి, ఎవరు ఆగాలి

నూరు గ్రాముల అరటిపండు సుమారు 90 కెలోరీల శక్తినిస్తుంది. పెరుగులో మాంసకృత్తులు, సున్నం ఉంటాయి. ఎండలో ఆడివచ్చిన పిల్లలకు, పొలం నుంచి వచ్చినవారికి ఇది ఒట్టి చక్కెర మిఠాయి కంటే మేలు. పాలు పడని కొందరికి పెరుగు పడుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రం పండు తీపి, చక్కెర తీపి, బెల్లం తీపి మూడూ ఒకే గిన్నెలో ఉన్నాయని గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు అరటిపండు విషయంలో ఆయనను అడగాలి.

ఏడాది నిండని పసిపిల్లలకు తేనె కలిపిన ఏ తీపినీ, చివరకు పంచామృతాన్ని కూడా నాకించరాదు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తులు పెద్దల కడుపులో ఏమీ చేయవు గాని, పసికందు పేగుల్లో మొలకెత్తి ప్రాణాపాయం తెస్తాయి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ మాట పెద్దలకు నచ్చజెప్పడం కోడళ్లకు కష్టమే. అయినా చెప్పక తప్పదు.

పాడి ఉన్న ఊరికి

ఈ తీపి ఖర్చు ఎక్కువగా పాల మీదనే. పాడి ఉన్న ఇంటికి ఆ ఖర్చు కూడా సగమే. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో మహిళలు 2000 సంవత్సరంలో సొంతంగా పాల సహకార సంఘం నెలకొల్పి స్వకృషి పేరుతో పాలు, పెరుగు అమ్మారు. పాలు అమ్మితే ఒక ధర, పెరుగు చేసి అమ్మితే ఇంకో ధర అని పాడి మహిళలకు తెలియంది కాదు. పెరుగు మూట, అరటిపండు, మలీద కలిసిన ఈ తీపిని చిన్న చిన్న మట్టి ముంతల్లో పోసి జాతరలో అమ్మాలనుకునే మహిళా సంఘం ముందుకు రావచ్చు. అయితే మంచుపెట్టె లేకుండా, మూతలు లేకుండా ఆ పనికి దిగరాదు. అమ్మేవారు ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేసుకోవాలి. ఇంట్లో చేసిన పొరపాటు ఒక ఇంటితో పోతుంది. జాతరలో చేసిన పొరపాటు ఊళ్లకు ఊళ్లను మంచాన పడేస్తుంది.

గొడగూచి కథలో ఆ చిన్నారి బాధంతా ఒక్కటే. తాను తెచ్చిన పాలలో ఏ లోపముందోనని. తాను పెట్టేది ఇంకొకరి నోట్లోకి పోతుందని తెలిసినవారికి ఉండవలసిన బాధ అది. శివరాత్రి మర్నాడు మచ్చలు తేలిన పండ్లు ముందు పెట్టుకుని, పెరుగు మూట విప్పే ప్రతి ఇల్లాలికీ ఆ పసిపిల్ల బెంగలో కాస్త ఉంటే చాలు. బర్రె తొట్టిలో పడవలసిన పండు పిల్లల గిన్నెలో పడుతుంది. పొయ్యి వెలగకపోయినా ఆ తీపికి ఏ లోటూ రాదు.